వెంకోజీపాలెం బోర్డు మీద పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టేశారు, మా అమ్మకి ‘పాలెం’ ఒక్కటే కనిపించింది

ఇసుకతోట వాసి:
మొన్న మంగళవారం జరిగిన సంగతి ఇది, ఇప్పటికీ కోపం తగ్గలేదు. మా అమ్మ శ్రీకాకుళం నుంచి విశాఖకి ఒక్కర్తే బస్సులో వచ్చింది, కళ్ళు చూపించుకోడానికి. మద్దిలపాలెంలో దిగు, నేను బండి మీద వచ్చి తీసుకెళ్తాను అని చెప్పాను. ఆవిడ మూడో తరగతి వరకే చదువుకుంది, అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. కండక్టర్ ‘పాలెం, పాలెం’ అని అరిచేసరికి గాభరాగా లేచి దిగిపోయింది. దిగాక ఫోన్ చేసింది. ‘అమ్మా, బోర్డు మీద ఏం రాసుందో చదువు’ అన్నాను. ‘పాలెం అనుంది నాన్నా, ముందర ఏటుందో కనబడ్డం లేదు, దాని మీద ఫ్లెక్సీ కట్టేసినారు’ అంది. మరి ఫ్లెక్సీ మీద ఏం రాసుందంటే, ‘జన్మదిన శుభాకాంక్షలు అనుంది, మజ్జిన పెద్ద బొమ్మ, సుట్టూరా సిన్న సిన్న బొమ్మలు’ అంది.

మీరే చెప్పండి, మన ఊళ్ళో పాలెంలు ఎన్ని? మద్దిలపాలెం, వెంకోజీపాలెం, అక్కయ్యపాలెం, కంచరపాలెం, మర్రిపాలెం, తాటిచెట్లపాలెం. మద్దిలపాలెంలోనూ అవే ఫ్లెక్సీలు ఉన్నాయి కాబట్టి అక్కడే దిగిందనుకుని నలభై నిమిషాలు రోడ్డుకి అటూ ఇటూ తిరిగాను. చివరికి ఒక ఆటో అబ్బాయి ఆవిడ చేతిలో ఫోన్ తీసుకుని ‘అన్నా, ఇది వెంకోజీపాలెం’ అని చెప్పాడు. నేను వెళ్ళేసరికి ఎండలో సంచి మీద కూర్చుని ఉంది, నోరు ఎండిపోయి మాట సరిగ్గా రావడం లేదు.

ఆ నాయకుడి పేరు ఇక్కడ రాయను, ఏ పార్టీయో కూడా రాయను, ఎందుకంటే అలా రాస్తే మనం పార్టీల మీద కొట్టుకుని అసలు సంగతి వదిలేస్తాం. ఆయన పుట్టినరోజు ఆయన చేసుకోవచ్చు. కానీ ఊరి పేరు మీద ఆయన మొహం ఎందుకు కట్టాలి? ఇలాంటివి మీకు ఎదురైతే రాయండి. లీడర్లే కానక్కర్లేదు, పక్కింటివాళ్ళ పద్ధతులైనా, పేర్లు పెట్టేవాళ్ళ సంగతులైనా, మీ మనసుని కష్టపెట్టింది ఏదైనా సరే.

బీచ్‌రోడ్ వాకర్:
అన్నా, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. అమ్మగారు ఇప్పుడు బాగున్నారు కదా?

2022 ఆగస్టు 26న మన విశాఖలోనే, బీచ్‌లో చెత్త ఏరిన రోజునే, రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తున్నామని అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి గారు సభలో ప్రకటించారు. కట్టాలంటే బట్టతో చేయించుకోమన్నారు. ఆ రోజు చెత్త ఏరినవాళ్ళలో నేనూ ఉన్నాను, చాలా సంతోషపడ్డాను. తర్వాత ప్రభుత్వం మారింది, ఫ్లెక్సీలు మారలేదు, మొహాలు మారాయి అంతే. ఫుట్‌పాత్ మీద కర్రలు పాతడానికి టైల్ పగలగొడతారు, కర్ర తీసేశాక ఆ గుంత అలాగే ఉండిపోతుంది. మా వాకింగ్ బ్యాచ్‌లో ఒక పెద్దాయన అలాంటి గుంతలోనే కాలు మడతపడి రెండు నెలలు ఇంట్లో ఉన్నారు.

2019లో చెన్నైలో ఏం జరిగిందో గుర్తుందా? ఒక నాయకుడి ఇంట్లో పెళ్ళికి రోడ్డు మధ్యలో కట్టిన బ్యానర్ ఊడి, స్కూటీ మీద ఇంటికెళ్తున్న 23 ఏళ్ళ అమ్మాయి మీద పడింది. ఆ పిల్ల కిందపడితే వెనకాల వస్తున్న నీళ్ళ ట్యాంకర్ ఎక్కేసింది. మన దగ్గర సముద్రం గాలి ఎలా ఉంటుందో తెలుసు, హుద్‌హుద్ తుపాను చూసినవాళ్ళం. అయినా ఇంతింత కటౌట్లు సుతిలి తాడుతో కట్టేస్తున్నారంటే ఏమనుకోవాలి.

గాజువాక కుర్రోడు:
నేను రెండేళ్ళు ఫ్లెక్సీలు కట్టే పని చేశాను, కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. లీడర్ గారికి చాలాసార్లు ఎక్కడ కట్టారో కూడా తెలీదు. కట్టించేది కింద తిరిగే కుర్రాళ్ళు. ఫ్లెక్సీలో ఎవరి ఫోటో ఎంత సైజు, ఎవరి పక్కన ఎవరు, అది వాళ్ళకి చాలా పెద్ద విషయం. ఫోటో చిన్నదైందని ప్రింటింగ్ షాపు దగ్గర కొట్టుకున్నవాళ్ళని చూశాను. మేము రాత్రి 11 దాటాక బయల్దేరేవాళ్ళం, సరుగుడు కర్రలు, బైండింగ్ వైరు, మేకులు, నిచ్చెన ఆటోలో వేసుకుని. చీకట్లో దేనికి దన్ను దొరికితే దానికి కట్టేయడమే. బస్టాపు బోర్డు స్తంభం గట్టిగా ఉంటుంది, ఎత్తు కూడా సరిపోతుంది, అందుకే దానికి కడతారు. కింద ఏం పేరుందో ఎవడూ చూడడు. నేనూ చూడలేదు.

ఇంకో సంగతి. కట్టడానికి డబ్బులిస్తారు, తీయడానికి ఎవరూ ఇవ్వరు. పుట్టినరోజు అయిపోయి నెల గడిచినా అది అక్కడే ఉండడానికి కారణం అదే. చివరికి ఎవరో గుడిసె మీద కప్పుకోడానికి పట్టుకుపోతారు, వాళ్ళు చేసేదే మంచి పని. అన్నా, మీ అమ్మగారి సంగతి చదివాక నిన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను కట్టినవి ఎన్ని పేర్లు మూసేశాయో.

ఇంకా ఒక మాట, లీడర్లనే అనకండి. గృహప్రవేశం, సమర్త ఫంక్షన్, పెద్దకర్మ, హీరో సినిమా రిలీజు, అన్నిటికీ మనమే కడుతున్నాం.

వాల్తేరు మాష్టారు:
బాబూ గాజువాక, ఒప్పుకున్నావు చూడు, అది పెద్దమనసు.

నేను పేర్ల గురించి రాస్తాను, ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగైతే ఓర్చుకోండి. ఊరి పేరు మీద ఫ్లెక్సీ కట్టినవాళ్ళ మీద కోప్పడుతున్నాం, సరే, కానీ ఆ పేర్లని మనమే నమిలి మింగేశాం. ఎంవీపీ కాలనీలో ఉంటున్న పిల్లల్ని అడిగాను, ఎంవీపీ అంటే ఏమిట్రా అని. పదిమందిలో ఒక్కడు చెప్పలేదు. మువ్వలవానిపాలెం! ఎంత చక్కటి పేరు. పోతినమల్లయ్యపాలెం పీఎం పాలెం అయిపోయింది. ఒక ఊళ్ళో మొదట గుడిసె వేసుకున్న మనిషి ఎవరో, ఆ పల్లె ఎవరి పేరున నిలిచిందో, ఆ గుర్తు మొత్తం మూడు ఇంగ్లీషు అక్షరాల్లో పోయింది. తాటిచెట్లపాలెం, మర్రిపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, ఈ మాటలు పైకి అనుకుంటే అక్కడ ఒకప్పుడు ఏముండేదో కళ్ళకి కడుతుంది. ఎన్ఏడీ కొత్తరోడ్డు అంటే నౌకాదళం ఆయుధాల డిపో అని, అది మొదటినుంచీ ఇంగ్లీషు పేరే, దానితో నాకు పేచీ లేదు. బీహెచ్‌పీవీ కంపెనీ 2013లో భెల్‌లో కలిసిపోయింది, జంక్షన్ మాత్రం ఇప్పటికీ బీహెచ్‌పీవీయే, అదీ బాగానే ఉంది.

పేరు నిలబడేది జనం నోట్లో. జగదాంబ జంక్షన్‌కి ఆ పేరు ఎవరూ తీర్మానం చేసి పెట్టలేదు, సినిమా హాలు ఉంది కాబట్టి అలా పిలిచారు. ఊర్వశి జంక్షనూ అంతే. ఆర్కే బీచ్ అంటే పక్కనున్న రామకృష్ణ మిషన్ ఆశ్రమం వల్ల వచ్చిన పేరు. 2018లో నగరాభివృద్ధి సంస్థ వుడా పేరు మార్చి వీఎంఆర్‌డీఏ చేశారు, నేటికీ ఆటోవాడు వుడా పార్క్ అనే అంటాడు. పెద్దాసుపత్రి 1923 నుంచీ కింగ్ జార్జ్ పేరు మీదే ఉంది, జనానికి అది కేజీహెచ్, ఇంకేం కాదు, ఆ రాజెవరో ఎవరికీ అక్కర్లేదు. నేను చదువుకునేటప్పుడు రైల్వే స్టేషన్ బోర్డు మీద వాల్తేరు అనే ఉండేది, 1987లో విశాఖపట్నం చేశారు. వాల్తేరు రైల్వే డివిజన్ పేరు కూడా వలస పాలన నాటిదని 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం విశాఖపట్నం డివిజన్‌గా మార్చింది. నాకు మాత్రం మనసు చివుక్కుమంది. పెదవాల్తేరు, చినవాల్తేరు అని మన పల్లెలే ఉన్నాయి కదా, కరకచెట్టు పోలమాంబ ఉన్న ఊరు కదా, అది పరాయి పేరు ఎలా అవుతుంది? ఇంగ్లీషువాడు రాసుకున్న స్పెల్లింగ్ పరాయిది కావచ్చు గానీ వాల్తేరు అనే మాట మనదే.

పెందుర్తి రైతుబిడ్డ:
మాష్టారూ, వాల్తేరైనా పెందుర్తయినా ఒకటే బాధ, పేరు కావాలి, పని అక్కర్లేదు. మా వీధి చివర కాలవ మీద చిన్న కల్వర్టుంది. దానికి రెండు శిలాఫలకాలు. ఒకదాని మీద ఒక పార్టీవాళ్ళ పేర్లు, పదకొండు, నేనే లెక్కపెట్టాను. దానికి ఎదురుగా రెండోదాని మీద ఇంకో పార్టీవాళ్ళ పేర్లు. రెండు రాళ్ళకీ పసుపు, కుంకం, కొబ్బరి పీచు. వాన పడితే కాలవ నీళ్ళు కల్వర్టు కింద నుంచి పోవు, మీద నుంచి పోతాయి. ఆ రెండు రాళ్ళకి పెట్టిన గ్రానైట్‌తో మా వీధి కాలవకి రెండు మూతలు వచ్చేవి.

పెద్ద పనుల్లోనూ ఇదే వరస. భోగాపురం ఎయిర్‌పోర్టుకి 2019 ఫిబ్రవరి 14న చంద్రబాబు గారు శంకుస్థాపన చేశారు, మళ్ళీ 2023 మే 3న జగన్ గారు చేశారు. ఒకే ఎయిర్‌పోర్టుకి. రైల్వే జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరిలో వస్తే జోన్ ఆఫీసుకి శంకుస్థాపన 2025 జనవరి 8న జరిగింది. స్టీల్ ప్లాంట్‌కి 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేస్తే జాతికి అంకితం అయ్యింది 1992 ఆగస్టు 1న. కానీ ఆ ప్లాంట్ కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు, మా పెదనాన్న ఆ ఊరేగింపుల్లో తిరిగినవాడే. రాయి మీద పేరు చూసి కాదు, ప్రాణాలిచ్చినవాళ్ళని తలుచుకుని ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటాం మనం.

మధురవాడ అమ్మ:
పేర్ల మాట వచ్చింది కాబట్టి నా బాధ రాస్తాను. ఇది లీడర్ల సంగతి కాదు, చుట్టాలు, ఇరుగుపొరుగు చేసే పని.

మా పాపకి కనకమహాలక్ష్మి అని పెట్టుకున్నాం. బురుజుపేట అమ్మవారి పేరు. పెళ్ళైన ఏడేళ్ళకి పుట్టింది, ఎన్ని మార్గశిర లక్ష్మివారాలు ఆ క్యూలో నిలబడ్డానో నాకు తెలుసు. ఆ తల్లికి గుడి కప్పు ఉండదు, ఎండకి వానకి అలాగే ఉంటుంది, మన చేత్తో మనమే పసుపు కుంకుమలు పెట్టుకోవచ్చు. ఆ అమ్మ పేరు పెట్టుకోవడం నాకు ఎంత గొప్పో చెప్పలేను. పేరు చెప్పిన మర్నాటి నుంచి మొదలు. మా తోటికోడలు ‘ఇదేం పేరు, నాన్నమ్మల కాలంది’ అంది. అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ తన ఫోన్‌లో లిస్టు పంపింది, అన్నీ ‘విక’తో ముగిసే పేర్లు, అర్థం అడిగితే ఆవిడకీ తెలీదు. అన్నిటికంటే బాధ కలిగించింది ఏంటంటే, టీకా వేయించడానికి వెళ్తే రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి పేరు విని, పాప మొహం చూసి, ‘మా ఇంట్లో పనమ్మాయి పేరు కూడా ఇదేనండి’ అని నవ్వింది. ఏం, పనమ్మాయిది పేరు కాదా? ఆవిడ్ని కన్నతల్లి కూడా నాలాగే ఆ గుడిమెట్లు ఎక్కి ఉంటుంది. నాకు నోట మాట రాలేదు, పాపని ఎత్తుకుని బయటికి వచ్చేసి ఆటోలో ఏడ్చాను.

మీ పిల్లలకి మీకు నచ్చిన పేరు పెట్టుకోండి, ఎవరు వద్దన్నారు. మా పిల్ల పేరు విని మొహం చిట్లించకండి, అంతే నేను అడిగేది.

అగనంపూడి రాజు:
అక్కా, మీ కోపం న్యాయమైందే. కానీ నేను రెండో వైపు నుంచి మాట్లాడాలి, ఏమనుకోకండి.

నా పేరు అప్పలరాజు. మా నాన్న సింహాచలం అప్పన్న స్వామి గిరి ప్రదక్షిణ, మొత్తం 32 కిలోమీటర్లు, వరసగా మూడేళ్ళు ఆషాఢ పున్నమికి నడిచి మొక్కుకుంటే పుట్టాను. మా బళ్ళో ఒకే తరగతిలో నలుగురు అప్పలరాజులం, ఇద్దరు అప్పలనాయుళ్ళు, ఒక అప్పలనరసమ్మ. ఇంటిపేరు కలిపి పిలిచేవారు మాస్టారు. ఎవరికీ అది తక్కువ పేరని తెలీదు. ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్ళాకే తెలిసింది. మొదటి రోజు మీటింగ్‌లో పేరు చెప్పగానే ఒకడు ‘అప్పాలు తెచ్చావా’ అన్నాడు, అందరూ నవ్వారు. నేను ‘ఏటి’ అన్నానని ఇంకో నవ్వు. సినిమాల్లో పనివాడికో తెలివితక్కువవాడికో మా యాస, మా పేరు పెడతారు కదా, అదే చూసి పెరిగారు వాళ్ళంతా. నాలుగేళ్ళు నేను ఆ ఆఫీసులో రాజ్‌గానే బతికాను. మా నాన్న ఒకసారి ఆఫీసు గేటు దగ్గరికి వచ్చి ‘అప్పలరాజు ఉన్నాడా’ అని అడిగితే అలాంటివాళ్ళెవరూ ఇక్కడ లేరని పంపేయబోయారు. ఆ రోజు మా నాన్న మొహం నేను చూశాను.

మా అబ్బాయికి అప్పన్న పేరు పెట్టలేదు నేను. ఊళ్ళో చాలామంది తిట్టారు, దేవుణ్ణి వదిలేశాడన్నారు. వదల్లేదు, ఏటా చందనం ఒలిచే రోజున స్వామి నిజరూపం చూడ్డానికి కొండకి వెళ్తూనే ఉన్నాను. నేను పడింది నా కొడుకు పడకూడదనుకున్నాను. కొత్త పేరు పెట్టుకున్న ప్రతివాళ్ళనీ మోజు అని తీసిపారేయకండి, కొందరి వెనకాల ఇలాంటి కథలుంటాయి.

మధురవాడ అమ్మ:
తమ్ముడూ, నాన్నగారి సంగతి చదివి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. మిమ్మల్ని అనలేదు నేను, ఎప్పటికీ అనను. నవ్వినవాళ్ళది తప్పు. మీ వెనకాల నవ్వినవాళ్ళూ, మా పాపని చూసి నవ్విన అమ్మాయీ ఒకటే.

మురళీనగర్:
ఇంకో రకం బాధ కూడా ఉంది, త్వరగా చెప్పేస్తాను. సంఖ్యాశాస్త్రం అని చెప్పి స్పెల్లింగ్‌లో అక్షరాలు పెంచేవాళ్ళు. మా మేనల్లుడికి ఇంగ్లీషులో రెండు ‘ఏ’లు, చివర ఒక ‘హెచ్’ కలిపించారు. బర్త్ సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, పదో తరగతి మార్కుల లిస్టులో మరోలా. పాస్‌పోర్ట్ కోసం వెళ్తే మూడుసార్లు వెనక్కి పంపారు, మా బావ సెలవులన్నీ దానికే అయిపోయాయి. పైగా ఆ ఫారంలో ఇంటిపేరు, అసలు పేరు వేరువేరుగా రాయాలి, మనవాళ్ళు ఇంటిపేరుని ఒక్క అక్షరం చేసి ముందు పెట్టుకుంటారు, దాంతో ఇంకో గందరగోళం.

పేరు తేల్చుకోకపోతే కంగారు పడకండి, పిల్లకి పేరు లేకుండానే జననం నమోదు చేయించవచ్చు. 12 నెలల్లోపు పేరు రాయిస్తే ఫీజు ఉండదు, తర్వాత లేటు ఫీజు కట్టి 15 ఏళ్ళ వరకూ రాయించుకోవచ్చు. అంచేత చుట్టాలు తొందరపెట్టారని ఏదో ఒకటి రాయించేయకండి. ఒకసారి రాయించాక అన్ని కాగితాల్లోనూ అదే స్పెల్లింగ్ ఉంచండి, బాబ్బాబు.

నైట్ డ్యూటీ నర్సు:
నేను పన్నెండేళ్ళుగా రాత్రి డ్యూటీలు చేస్తున్నాను, పొద్దున్న ఏడున్నరకి బస్సెక్కుతాను. మొదటిది, ఫోన్‌లో స్పీకర్ పెట్టి రీల్స్ చూసేవాళ్ళు. బస్సులో నలుగురు నాలుగు పాటలు. కొంచెం తగ్గించు బాబూ అంటే ‘మీకేంటి ఇబ్బంది’ అంటారు. ఇబ్బంది ఉందనే కదా అడిగాను.

రెండోది ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం అయ్యాక కొందరు మగవాళ్ళు మాట్లాడే తీరు. సీటులో కూర్చుంటే ‘ఫ్రీగా ఎక్కి సీటు కూడానా’ అని వినపడేలా అంటారు. పన్నెండేళ్ళు టికెట్ కొనుక్కునే వెళ్ళాను నేను. ఇప్పుడు మిగిలిన డబ్బుతో మా అమ్మకి బీపీ మాత్రలు కొంటున్నాను. రాత్రంతా నిలబడి వచ్చిన మనిషిని ఆ మాట అనడానికి నోరెలా వస్తుంది? కండక్టర్లు మాత్రం చాలామంది మర్యాదగానే ఉంటారు, అదీ చెప్పాలి.

ఇంటికొచ్చి పడుకుంటే మైకులు. చట్టం ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే లౌడ్‌స్పీకర్ పూర్తిగా కట్, పగలు అనుమతి తీసుకుని పెట్టుకోవచ్చు, కానీ ఇళ్ళ మధ్యలో పగలైనా 55 డెసిబెల్స్ దాటకూడదు. ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. ఎవరైనా లీడర్ గెలిచినా, పుట్టినా, జైలు నుంచి వచ్చినా ర్యాలీ ఆసుపత్రి ముందు నుంచే వెళ్తుంది, సైలెన్సర్ తీసేసిన బైకులతో. పోయిన నెల వార్డులో ఒక తాతగారు బాణసంచా చప్పుడుకి ఉలిక్కిపడి సెలైన్ సూది పీకేసుకున్నారు. దుప్పటంతా రక్తం. ఆ చప్పుడు చేసినవాళ్ళకి ఇది ఎప్పటికీ తెలీదు కదా అని అనిపించింది.

పీఎం పాలెం క్రికెట్:
మాష్టారూ, ఇకనుంచి పోతినమల్లయ్యపాలెం అనే రాస్తాను, ఈ ఐడీ మార్చడం రావట్లేదు.

మా పక్కనున్న స్టేడియం సంగతి అందరికీ తెలుసు, వైఎస్ రాజశేఖరరెడ్డి గారి పేరు చుట్టూ ఎంత గొడవో. సీతకొండ దగ్గర వ్యూ పాయింట్‌కీ అంతే, అబ్దుల్ కలాం పేరా, వైఎస్సార్ పేరా అని బోర్డు అటూ ఇటూ మారింది. ప్రతిసారీ కొత్త అక్షరాలు, కొత్త రంగు, మన పన్ను డబ్బు. సీతకొండ అని ఊరుకుంటే ఎవరికి నష్టం? కొండకి ఎప్పట్నించో ఉన్న పేరే కదా.

కానీ ఒక్కటి బాగా చేశారు. 2025 అక్టోబర్‌లో మహిళల ప్రపంచకప్ జరిగినప్పుడు స్టేడియంలో స్టాండ్లకి మిథాలీ రాజ్ పేరు, మన ఆంధ్రా వికెట్ కీపర్ రావి కల్పన పేరు పెట్టారు. మా అమ్మాయి ఆ బోర్డు కింద నిలబడి ఫోటో తీయించుకుంది, అండర్ 15 ఆడుతుంది తను. పేరు పెడితే అలా పెట్టాలి, ఆ చోట ఆ పని చేసినవాళ్ళది.

రిటైర్డ్ గుమస్తా, అక్కయ్యపాలెం:
అందరూ నాయకుల్ని తిడుతున్నారు, ఒక మాట గుర్తు చేస్తాను. మన నగరానికి 2012లో పాలకవర్గం గడువు అయిపోతే మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్ళు ఇంత పెద్ద ఊరికి అడగడానికి ఒక్క కార్పొరేటర్ లేడు. ఆ రోజుల్లో మా వీధిలో లైటు పోతే ఎవరింటికి వెళ్ళాలో తెలిసేది కాదు. కాబట్టి ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళండి, మొహం మీదే అడగండి.

రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్తగా విగ్రహాలకి అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే రాష్ట్రాలకి చెప్పింది. మీ జంక్షన్‌లో కొత్త దిమ్మ కడుతుంటే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి, ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. దిమ్మకి ఎవరు అనుమతిచ్చారు, ఏ తేదీన, కాపీ ఇవ్వండి, ఇంతే రాయండి, ఉపన్యాసం రాయకండి. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీ సంగతి కూడా పేర్ల బాధే, ఒకప్పుడు గ్రీవెన్స్ అన్నారు, 2019లో స్పందన అన్నారు, 2024 నుంచి ప్రజా సమస్యల పరిష్కార వేదిక. పేరు మారినప్పుడల్లా ముసలివాళ్ళు పాత పేరు చెప్పి తికమకపడుతున్నారు. రసీదు నంబరు మాత్రం తప్పకుండా అడిగి తీసుకోండి.

ఇసుకతోట వాసి:
అందరికీ దండాలు. అమ్మ బాగుంది, రెండు కళ్ళకీ శుక్లాలున్నాయట, వచ్చే నెల ఒకదానికి ఆపరేషన్.

గుమస్తా గారు చెప్పినట్టే నిన్న సాయంత్రం అమ్మనే వెంటబెట్టుకుని ఆ నాయకుడి ఆఫీసుకి వెళ్ళాను. ఆయన లేరు. ఫ్లెక్సీలో అంచు మీద ఫోటో ఉన్న కుర్రాడే బయట కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను కొంచెం గట్టిగానే మొదలుపెట్టాను. అమ్మ నన్ను ఆపి, ‘బాబూ, నీ బొమ్మ బాగుంది, కానీ ఊరి పేరు మీద ఎట్టేసినారు, నేను తప్పిపోనాను’ అంది. అంతే అంది. ఆ అబ్బాయి కుర్చీలోంచి లేచి అమ్మని కూర్చోబెట్టాడు, నీళ్ళిచ్చాడు. రాత్రి తొమ్మిదింటికి మేమూ వెంకోజీపాలెం వెళ్ళేసరికి తనే ఎక్కి వైరు కట్ చేస్తున్నాడు. తమ నాయకుడి మిగతా ఫ్లెక్సీల సంగతి అడిగితే ‘అన్నతో మాట్లాడతాను’ అన్నాడు. మాట్లాడతాడో లేదో చూడాలి, మద్దిలపాలెంలోవి ఇంకా అలాగే ఉన్నాయి.

గాజువాక కుర్రోడు:
అన్నా, ఆదివారం పొద్దున్న ఆరింటికి నేను మద్దిలపాలెం వస్తాను. గుమస్తా గారూ, ముందుగా వార్డు సచివాలయంలో ఒక కాగితం ఇచ్చి పెట్టండి, లేకపోతే మన మీదే కేసంటారు. బోర్డు పేరుకి అడ్డం ఉన్నవే తీద్దాం, ఏ పార్టీదైనా సరే, చింపొద్దు, చుట్టి వాళ్ళ ఆఫీసులోనే ఇచ్చేద్దాం. కటింగ్ ప్లేయర్ నా దగ్గరుంది. నిచ్చెన ఎవరైనా తేవాలి, నాది అమ్మేశాను.

మురళీనగర్:
నిచ్చెన మా ఇంట్లో ఉంది, పన్నెండడుగులది. ఆటో మాట్లాడుకుని తెస్తాను.

వాల్తేరు మాష్టారు:
ఒక తడిగుడ్డ, చిన్న బ్రష్షు కూడా తీసుకురండి. బోర్డు మీద అక్షరాలు మాసిపోయి ఉంటాయి.